పాండు కక్కిన ఎరుపు

పాండు కక్కింది ఎర్రగా ఉంది.

"నెత్తురు," అంది వీణ.

గద్వాలలో ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. నేతపని చేసే చెన్నయ్య ఇంటి పెరట్లో, పట్టు నూలుకు రంగేసే తొట్టి పక్కన వాళ్ల కుక్క పాండు ఒరిగిపోయి వణుకుతోంది. నూలు తెచ్చిన జితేందర్ దాని పక్కనే కూలబడ్డాడు.

అతను సేటు దుకాణం నుంచి చెన్నయ్య మగ్గానికి నూలు తెచ్చేవాడు. నూలు ఒట్టి సాకు, చూడాల్సింది చెన్నయ్య కూతురు వీణను. కానీ పాండు మొరిగిందంటే వీధంతా బయటికొచ్చేది. అందుకే బస్టాండు దగ్గర చైనీస్ బండిలో తను తినగా మిగిలిన చికెన్ సిక్స్టీఫైవ్, ఫ్రైడ్ రైస్ పొట్లం కట్టి రోజూ దానికి వేసేవాడు. మచ్చికైంది. ఇవాళ్టి పొట్లం కాస్త పెద్దది.

"తప్పు నాదే," అంది వీణ. "తొట్టి మీద మూత పెట్టలే. ఎర్రరంగు నీళ్లు తాగినట్టుంది. నాయినకు ఏం చెప్పాలె? పానం లెక్క చూసుకుంటడు దీన్ని."

పొట్లం సంగతి చెప్పేస్తే వీణ మళ్లీ తన మొహం చూడదు. చెప్పకపోతే ఆమె తనను తాను తిట్టుకుంటూనే ఉంటుంది.

"జర ఆగు, ఆటో తెస్త. పశువుల దవాఖానకు పోదాం," అని మాత్రం అనగలిగాడు జితేందర్.

ఆటోలో పాండు మళ్లీ కక్కింది. వీణ చేతికి చుట్టుకున్న తెల్ల పట్టు పోగులతో దాని మూతి తుడిచి, ఆ పోగులను వెలుతురుకు పట్టి చూసింది.

"గిది మా రంగు గాదు."

"ఏంది?"

"మా ఎరుపు ముదురుగుంటది. గిది నారింజ తిరిగింది. రోజూ రంగులేసేదాన్ని, నాకు తెల్వదా? దీనికి ఎవరో ఏమో పెట్టిండ్రు."

జితేందర్ తల దించుకున్నాడు.

"నేనే పెట్టిన. నీకోసం వస్తే ఇది మొరుగుతుండె. మనం తినేదే గదా, ఏమైతది అనుకున్న."

వీణ మొహం తిప్పుకుని పాండును ఒళ్లోకి లాక్కుంది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

డాక్టరు సంగతంతా విని, సూది వేసి చెప్పాడు. "గింత ముద్దల ఉండే రంగుతోని, టేస్టింగ్ సాల్టుతోని అంత భయం లేదు. ఉల్లిగడ్డ, ఉప్పు, కారం కుక్కకు పడవు. ఉల్లిగడ్డ రోజూ తింటే నెత్తురు చెడుతది. జర సేపు చూద్దాం. తాగిన నీళ్లు కడుపుల నిలిస్తే గండం గడిచినట్టే."

ఇద్దరూ దవాఖాన అరుగు మీద కూర్చున్నారు. పాండు పొట్ట ఎగిరిన ప్రతిసారీ జితేందర్ దాని మీదికి వంగి చూసేవాడు. సాయంత్రానికి అది గిన్నెలో నీళ్లు తాగింది. కక్కలేదు. వీణ దాని మెడ పట్టుకుని ఏడ్చేసింది.

"ఇగ నూలు వేరేటోళ్లతోని పంపుత," అన్నాడతను లేస్తూ. "నీకు కనిపియ్య."

"కూసో," అంది వీణ కళ్లు తుడుచుకుంటూ. "ఇన్ని దినాలు కుక్కను మచ్చిక చేసుకున్నవు. మా నాయినను ఎప్పుడు చేసుకుంటవు? ఆదివారం ఇంట్లనే ఉంటడు. మీ అమ్మను తోల్కరా."