జాడీ మీద రాయి

గుడ్లు ఉడికించేటప్పుడు పెట్టుకునే గంట ఖణేల్‌మని మోగేసరికి హత్సుయే ఇంకా రెండో కాగితంలోనే ఉంది. ఈ వారంలో ఇది తొమ్మిదోసారి. గంటను ఐదు నిమిషాలకు తిప్పి పెట్టి, వంటింట్లో నిలబడి పైకి చదువుతుంది. ప్రతిసారీ వాళ్ళమ్మ సంగతి దగ్గరికి రాగానే గొంతు పట్టేస్తుంది. రేపు శాన్‌ఫ్రాన్సిస్కోలో, రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సంతతి వాళ్ళను నిర్బంధించిన క్యాంపుల మీద అమెరికా ప్రభుత్వం వేసిన కమిషన్ ముందు మనిషికి ఇచ్చేది ఐదు నిమిషాలే. ముప్పైతొమ్మిదేళ్ళు నోరు విప్పని మనిషికి ఐదు నిమిషాలు ఏ మూలకు?

బల్లకు అవతల ఆమె భర్త మసావో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. సూపు చల్లారిపోయింది. పేజీ తిప్పి కూడా చాలాసేపైంది.

"గుడ్లు ఉడికాయా?" అన్నాడు.

"గుడ్లు పెట్టలేదు."

"మరి గంటెందుకు?"

"తెలిసే అడుగుతారు మీరు."

రేపు తల్లిని కార్లో తీసుకెళ్ళడానికని శాన్‌హోసే నుంచి వచ్చిన కూతురు ఎలీన్ కిసుక్కున నవ్వింది. మసావో పేపరు దించాడు.

"అయిపోయినవన్నీ తవ్వుకుంటే ఏం వస్తుంది? యుద్ధం అది. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డాయి. మన జపాన్ వాళ్ళలో ఎవడు గూఢచారో, ఎవడు కాడో వాళ్ళకెలా తెలుస్తుంది? అందర్నీ తీసుకెళ్ళి ఒకచోట పెట్టారు. వాళ్ళ స్థానంలో నేనున్నా అదే చేద్దును."

"యుద్ధం జర్మనీతోనూ జరిగింది కదా నాన్నా," అంది ఎలీన్. "మన వీధి చివర జర్మన్ బేకరీ వాళ్ళని పిల్లాజెల్లాతో సహా గుర్రాల సాలలో పడుకోబెట్టలేదేం?"

"వాళ్ళ సంగతి వేరు."

"ఏమిటి వేరు, మొహమేగా?"

"నువ్వప్పటికి పుట్టలేదు. నోర్మూసుకో."

హత్సుయే కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంది.

"నేను పుట్టాను కదా, నాకు చెప్పండి. మా అమ్మకు అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. స్ట్రాబెర్రీ మళ్ళలో వంగి వంగి నడుం వంగిపోయిన మనిషి. ఆవిడ మీద ఒక్క కేసు పెట్టారా? ఒక్క జడ్జి ముందైనా నిలబెట్టారా? నేను ఈ వాట్సన్‌విల్‌లోనే పుట్టాను, ఈ దేశపు పౌరురాల్ని. నా కోటుకు నంబరు చీటీ కట్టి ఎందుకు తీసుకెళ్ళారు? అది న్యాయమేనని నా మొహం చూసి అనండి."

మసావో ఆమె మొహం చూడలేదు. "వెళ్ళకు హత్సుయే," అన్నాడు.

"వెళ్తాను. తాళాలు దాచేస్తే బస్సెక్కి వెళ్తాను."

ఆమె గొంతు హెచ్చలేదు. అందుకే ఇక ఆ మాటకు తిరుగులేదని ముగ్గురికీ తెలిసిపోయింది.

"గొంతు పట్టేసే చోట నేను చదువుతాలే," అంటూ ఎలీన్ రెండో కాగితం అందుకుంది. హత్సుయే "అది వద్దే" అనేలోపే మొదలుపెట్టేసింది.

"'ఆ ఏప్రిల్‌లో ఎవరో మా ఇంటికి వచ్చి, ఎదురు తిరగకుండా వెళ్ళడమే మన దేశభక్తికి రుజువు, రెండు నెలల్లో తిరిగొచ్చేస్తాం అని చెప్పారు. అమ్మ నమ్మింది. వెళ్ళే ముందురోజు ముల్లంగికి ఉప్పూ తవుడూ పట్టించి, జాడీలో పెట్టి, పైన బరువుకు రాయి పెట్టింది. వచ్చేసరికి ఊరి ఉంటుందని సంబరపడింది. అరిజోనా ఎడారి క్యాంపులో, మూడో వేసవిలో, పోయే రోజున కూడా అడిగింది, రాయి ఎత్తారా అని.'"

ఎలీన్ కాగితం బల్ల మీద పెట్టేసింది.

"నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాడు మసావో.

"అప్పటికి మీరు ఇటలీలో, ఈ దేశపు సైన్యం బట్టల్లో, మోకాలికి తూటా తగిలి ఆస్పత్రిలో ఉన్నారు. పెళ్ళయి ఏడాదైనా కాలేదు. ఆ తర్వాత చెప్పి ఏం చెయ్యను?"

అతను లేచి, కుంటుకుంటూ మూలనున్న ఊరగాయ జాడీ దగ్గరికి వెళ్ళాడు. దాని మీది నల్లరాయిని ఇన్నేళ్ళుగా అతనే ఎత్తుతున్నాడు.

"ఇదేనా?"

"అదే. మనం తిరిగొచ్చేసరికి ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు. జాడీ లేదు. రాయి పెరట్లో పడి ఉంటే అడిగి తెచ్చుకున్నాను."

మసావో రాయిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఎవరో వచ్చి చెప్పారని రాశావేం?"

"మరేం రాయను? మీ పక్కన కూర్చుని తినేదాన్ని. రేపు అంతమందిలో మీ పేరెలా చెప్పను?"

ఎలీన్ నివ్వెరపోయి తండ్రి వంక చూసింది.

"పదహారిళ్ళు తిరిగాను," అన్నాడతను రాయితోనే మాట్లాడుతున్నట్టు. "ఇరవై నాలుగేళ్ళవాణ్ణి. ఇంగ్లీషు వచ్చని, ఊళ్ళో మన జపాన్ వాళ్ళ సంఘానికి కార్యదర్శినని నా మాట నమ్మారు. అంతా అన్యాయమంటే మరి నేను చేసిందేమిటి? మీ అమ్మను అక్కడికి పంపింది నేనేగా. అందుకే న్యాయమే, న్యాయమే అనుకుంటూ బతికాను."

అతని కళ్ళనీళ్ళు రాయి మీద పడ్డాయి. ఇన్నేళ్ళ కాపురంలో హత్సుయే అతను ఏడవగా చూడటం అదే మొదలు. దగ్గరికి వెళ్ళి అతని చేతుల మీద చేతులు వేసింది.

"మీరు అబద్ధమాడలేదు. మీకు చెప్పిందే అబద్ధం. మిమ్మల్ని నేనేనాడూ తప్పు పట్టలేదు. కానీ వాళ్ళు చేసింది న్యాయం కాదు."

చాలాసేపటికి అతను తలూపాడు. "కాదు," అన్నాడు. "కాగితంలో నా పేరే రాసెయ్."

మర్నాడు కమిషన్ గది కిటకిటలాడిపోయింది. హత్సుయే రెండో కాగితం తిప్పింది. "ఆ ఏప్రిల్‌లో మసావో నకాజీ మా ఇంటికి వచ్చారు. ఆయనే ఇప్పుడు నా భర్త," అని చదివింది. వెనక వరుసలో కుర్చీ కిర్రుమంది. మసావో టోపీ చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు. కూర్చోమని ఎవరో మెల్లగా చెప్పారు. మోకాలు నొప్పి పెడుతున్నా అతను కూర్చోలేదు.

ఈ వారమంతా తన గొంతు పట్టేసింది అమ్మ దగ్గర కాదని, ఆ "ఎవరో" దగ్గరని హత్సుయేకు అప్పుడు తెలిసింది. టైమైపోయిందని గంట మోగింది. ఆమె ఆగలేదు. అమ్మ అడిగిన ఆఖరి మాట, అమ్మ అడిగినట్టే, గదంతా వినపడేలా అడిగింది.

"రాయి ఎత్తారా?"