సాక పోసిన చోట చీమలు

నల్లగొండలో యాదగిరి గది తలుపు తట్టినప్పుడు బీరన్న భుజాన గొంగడి, మోకాళ్ల దాకా చిట్యాల దుమ్ము.

“మా ఇంటిదాన్ని పటేలు ఇంట్ల గుంజకు కట్టేసిండ్రు సారూ. పోలీసులొస్తే ఒప్పుకోవాల్నని కొడుతున్నరు. జర రాండ్రి.”

ప్రైవేటు డిటెక్టివ్ యాదగిరి వెంటనే చెప్పులు తొడుక్కున్నాడు. అసిస్టెంటు బుచ్చయ్యకు మాత్రం బస్సులో ఆ కథంతా వింటుంటే ఒళ్లు మండిపోయింది.

పటేలు రామచంద్రయ్య సాగర్ డ్యాం ఇంజనీరు దగ్గర కొత్తగా ఒక ఎండాకాలపు పానీయం నేర్చుకున్నాడు. ఎర్ర ద్రాక్షసారాలో బత్తాయి ముక్కలు, నిమ్మరసం, చక్కెర, సోడా, పైన ఐసు. నిన్న పదిమందిని పిలిచి, బీరన్న భార్య బక్కమ్మ ఇరవై ఏళ్లుగా దున్నుతున్న కౌలు చెలకను ఆమె పేర రాసిస్తున్నానని చెప్పి గ్లాసెత్తాడు. ఒక్క గుటకకే గ్లాసు జారవిడిచి కూలిపోయాడు. పురుగుల మందు. పానీయం కలిపింది బక్కమ్మ కాబట్టి అందరూ ఆమెనే పట్టుకున్నారు. ఇప్పుడు దవాఖానలో చావుబతుకుల మధ్య ఉన్నాడు. భూమి ఇచ్చే మనిషికి బక్కమ్మ విషం పెడుతుందా? ఆ మాత్రం ఇంగితం ఆ ఊళ్లో ఒక్కరికీ లేకపోయిందని బుచ్చయ్య పళ్లు నూరాడు.

వెళ్లగానే యాదగిరి తానే బక్కమ్మ కట్లు విప్పాడు.

“ఏం కలిపినవమ్మా?”

“దొరసాని చెప్పినయే. గడప కాడ ఎల్లమ్మకు బుంగల నుంచే ఇంత సాక పోసి, బుంగ చిన్నపటేలు చేతికిచ్చిన. మేము గడప దాటి లోపలికి పోము గద.”

గడప బయట ఎర్రటి మరక ఉంది. వంగి చూడబోయిన బుచ్చయ్య కాలిని చీమ చురుక్కుమని కుట్టింది. లోపల పటేలు కుర్చీ కింద గ్లాసు పడిన చోట మరో మరక. దాని చుట్టూ చచ్చిన చీమలు.

పటేలు తమ్ముడు భీమయ్య అడగకముందే అందుకున్నాడు.

“కిటికీల నుంచి చూసిన. అది సీసాల నుంచి ఏందో పోసి కలిపింది. సోడా అనుకున్న.”

“సాక పోయకముందా, పోసినంకనా?”

“ముందే. ఒట్టు. సాక పోసి బుంగ నాకిచ్చింది. నేను ఐసు వేసి గ్లాసులల్ల పోసిన, గంతే.”

యాదగిరి అందరినీ హాల్లోకి పిలిచాడు. అతను గొంతు పెంచలేదు, కాని మెడనరాలు ఉబ్బడం బుచ్చయ్య చూశాడు.

“బుంగలో మందు ముందే పడి ఉంటే సాకలోనూ ఉండాలి. అక్కడ చీమలు చక్కెర తిని నిక్షేపంగా తిరుగుతున్నాయి. ఈ కుర్చీ కింద మాత్రం చచ్చి పడ్డాయి. అంటే విషం గడప దాటాకే కలిసింది. గడప ఇవతల బుంగ పట్టుకున్నది నువ్వొక్కడివే, భీమయ్యా. అన్న పోవాలి, ఆమె జైలుకు పోవాలి, నీ బావి పక్క చెలక నీకు మిగలాలి. ఆమెను లోపలికి రానివ్వని మీ గడపే ఆమెకు సాక్ష్యం చెప్పింది.”

భీమయ్య ద్వారం వైపు కదిలాడు. బుచ్చయ్య అతని రెక్క విరిచిపట్టి గుంజ దగ్గరికి ఈడ్చాడు. బక్కమ్మను కట్టిన తాడు ఇంకా అక్కడే ఉంది.

పటేలు కళ్లు తెరిచాడని మధ్యాహ్నం దవాఖాన నుంచి కబురొచ్చింది. పటేలు భార్య లీలమ్మ ఏడుస్తూ తలుపు దగ్గరికి వచ్చింది.

“లోపలికి రా బక్కమ్మా, కూసో.”

బక్కమ్మ మణికట్ల మీది కమిలిన చారలు చూసుకుంది. గడప దగ్గరికైనా జరగలేదు.

“నేను రాను దొరసానీ. పటేలు లేచినంక చెలక కాయిదం ఈడికే తెచ్చియ్యమను.”