గొంతు తగ్గించిన యదుల్లా

బారెడు పొడవున్న వేడి రొట్టెను భుజాన వేసుకుని యదుల్లా ఇంట్లోకి వచ్చేసరికి ఇస్ఫహాన్ మీద ఆశ్వయుజపు ఎండ పల్చగా పరుచుకుంటోంది. టీ కాచే సమోవర్ దగ్గర కుర్చీలో కూర్చుని భార్య మోనీర్ గ్లాసుల్లో టీ పోస్తోంది.

"రొట్టె తెచ్చాను" అన్నాడతను, మామూలుగానే.

కిటికీ కింద ఉన్న చెక్కపెట్టెలో గడ్డి ఒక్కసారి చెదిరింది. రెండు చిన్న ప్రాణులు బోర్లించిన అట్టపెట్టెలోకి దూరి, మళ్ళీ కనిపించలేదు.

నలభై రెండేళ్ళు రాగిపనివాళ్ళ బజారులో సుత్తి దెబ్బల మధ్య బతికిన మనిషి యదుల్లా. ఆ మోతలో పక్కవాడికి వినబడాలంటే గొంతెత్తక తప్పదు. కిందటి వసంతంలో దుకాణం తమ్ముడికి అప్పగించి ఇంటికొచ్చాడు కానీ, ఆ గొంతూ అతనితోనే వచ్చేసింది. చెవులు మాత్రం సగం అక్కడే ఉండిపోయాయి.

పెట్టెలోవి కూతురు గోల్నార్ పెంచుకుంటున్న గినీ పందులు, కుందేలు పిల్లల్లాంటి బొచ్చు ప్రాణులు. తెల్లదాని పేరు పిస్తా, గోధుమరంగుదాని పేరు కిష్మిష్. ఆ ఊళ్ళో వాటిని హిందూస్థాన్ పందిపిల్లలంటారు. నమాజు చేసే ఇంట్లో ఆ పేరేమిటని మోనీర్ ఇరుగుపొరుగుకు కుందేళ్ళని చెప్పుకునేది.

గోల్నార్ ఇల్లు వదిలి వారం దాటింది. షీరాజ్‌లో పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి ఆ పిల్ల నాలుగు రోజులు తటపటాయించింది. చివరికి ఒక రాత్రి భోజనాల దగ్గర తల వంచుకుని చెప్పింది. యదుల్లా ఒకే ఒక్క మాటన్నాడు. "వెళ్ళు." ఆ మాటకు బల్లమీద గ్లాసులు గల్లుమన్నాయి. మర్నాడు తండ్రి నిద్ర లేవకముందే ఆమె బస్సెక్కేసింది. జంతువుల్ని ఒప్పుకునే ఇల్లు దొరికాక వీటిని తీసుకెళ్తానని తల్లికి చెప్పి, ఏమేం చెయ్యాలో కాగితం మీద రాసి పెట్టింది. ఆ తర్వాత ఫోన్లన్నీ తల్లికే.

మోనీర్ మోకాళ్ళు నేలమీద కూర్చోనివ్వవు. కీరదోసకాయ ముక్కలు కోసివ్వగలదు గానీ పెట్టె ముందు వంగలేదు. కాబట్టి ఆ పని యదుల్లా మీద పడింది. మొదటిరోజే పైనుంచి చెయ్యి పెట్టి పిస్తాను ఎత్తాడు. అది కొయ్యబారిపోయింది. వేళ్ళ కింద దాని గుండె పరుగెత్తడం తెలుస్తూనే ఉంది. ఆ రోజంతా అది తిండి ముట్టలేదు.

ఈ పొద్దున అవి మళ్ళీ దాక్కోవడం చూశాక అతను కళ్ళజోడు పెట్టుకుని కూతురి కాగితం చదివాడు. 'పైనుంచి చెయ్యి పెట్టొద్దు. ఆకాశంలోంచి వచ్చేదేదైనా వాటికి గద్దే. నేలమీద కూర్చోవాలి. మెల్లగా మాట్లాడాలి. అవి వచ్చేదాకా ఆగాలి.'

కాగితం మడిచి భార్యను అడిగాడు. "నేను గట్టిగా మాట్లాడతానా?"

మోనీర్ అతని వైపు తిరిగింది. చేత్తో సైగ చేస్తూ, అతనికి అర్థమయ్యేలా ఒక్కొక్క మాటే పలికింది. "మీరు టీ అడిగినా, మనం కొట్టుకుంటున్నామనుకుంటారు పక్కింటివాళ్ళు."

యదుల్లా కాగితం మడత విప్పి మళ్ళీ చదువుకున్నాడు.

మర్నాటినుంచి టీ తాగగానే గోడకు ఆనుకుని తివాచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. రోజూ అదే చోటు, అదే వేళ. ఏమీ చేసేవాడు కాదు. రంగుటద్దాల కిటికీలోంచి ఎరుపూ నీలమూ తివాచీ మీదికి జారి, నెమ్మదిగా అతని మోకాలి దాకా పాకేవి. చెవుల్లో నిశ్శబ్దం, కళ్ళముందు కదిలే రంగులు. తాను మేలుకుని ఉన్నాడో కల కంటున్నాడో ఒక్కోసారి అతనికే తెలిసేది కాదు.

నాలుగోరోజు చేతికందే దూరంలో ఒక కొత్తిమీర కాడ పెట్టి, చూపు పక్కకు తిప్పుకున్నాడు. కాసేపటికి చూస్తే కాడ లేదు. తర్వాత మాట్లాడ్డం మొదలుపెట్టాడు. తన గొంతు తనకు వినబడదు కనుక అరచెయ్యి రొమ్ముమీద పెట్టుకునేవాడు. చెయ్యి అదిరితే గట్టిగా మాట్లాడుతున్నట్టు. అదరనంత మెల్లగా, తన తండ్రి రాగిరేకును ఎలా వంచేవాడో వాటికి చెప్పేవాడు. ముందుగా కిష్మిష్ వచ్చి వేళ్ళమధ్య నుంచి ఆకు లాక్కుంది. పిస్తాకు మరో పన్నెండు రోజులు పట్టింది. ఒక పొద్దున రెండూ అతని ఒళ్ళోకి ఎక్కి, అక్కడ పరిచిన తువ్వాలు మడతలో కళ్ళు మూసుకున్నాయి. వాటి ఒంట్లోంచి సన్నటి వణుకు అతని అరచేతికి తగిలింది. భయపడి భార్యను పిలిస్తే, అది సంతోషమని ఆమె సైగ చేసింది.

ఆరోవారం శుక్రవారం గోల్నార్ వచ్చింది, చేతిలో బుట్టతో. గది దొరికిందట. మధ్యాహ్నం రెండింటికే బస్సట. యదుల్లా ఆకుకూరకు వెళ్ళాడు. అతను వచ్చేలోపే వెళ్ళిపోవాలని ఆమె ఆత్రం. కానీ పెట్టెలో చెయ్యి పెట్టగానే రెండూ గడ్డి చిమ్ముకుంటూ మూలకు పారిపోయాయి. ఆమె చేతులకు ఆసుపత్రి మందుల వాసన. ఆ సంగతి ఆమెకు తట్టలేదు. అప్పుడే తండ్రి గుమ్మంలోకి వచ్చాడు.

"ఏం చేశారు వీటిని?" అంది లేచి నిలబడి. "నన్ను పొమ్మన్నది చాల్లేదా నాన్నా? వీటినీ ఇంతలా బెదరగొట్టాలా?"

ఆమె పెదవులు చూసి అతను మాట అర్థం చేసుకున్నాడు. చేతిలోని సంచీ నెమ్మదిగా కింద పెట్టాడు.

"పొమ్మనలేదు తల్లీ" అన్నాడు. "వెళ్ళు అన్నాను. భయపడుతూ అడిగావు కదా. ధైర్యంగా వెళ్ళు అని."

ఇరవై నాలుగేళ్ళలో తండ్రి గొంతు అంత మెత్తగా ఉండగా ఆమె వినలేదు.

"మరి ఫోన్ ఎందుకు చెయ్యలేదు?"

"ఫోన్లో నాకు మాట వినబడదు. గట్టిగా అంటే మళ్ళీ అదే అనుకుంటావు. ఆ రాత్రి నా మాట ఎలా ఉందో మీ అమ్మ చెప్పేదాకా నాకు తెలీదమ్మా. సంతోషపడ్డాననే అనుకున్నాను."

ఆమె తివాచీ మీద కూలబడి, తండ్రి కాళ్ళకు తల ఆనించి ఏడ్చింది. చిన్నప్పుడు తలుపు చాటునుంచి విన్న కేకలన్నీ ఆమెకు గుర్తొచ్చాయి. వాటిలో ఎన్ని కోపాలు, ఎన్ని ముద్దుమాటలో ఇప్పుడెవరు చెప్పగలరు? యదుల్లా వంగి కూతురి తల నిమురుతూ ఉండిపోయాడు.

కాసేపటికి ఆమె లేచి చేతులు కడుక్కుని వచ్చి పెట్టె ముందు కూర్చుంది. యదుల్లా ఆకుకూర కడగడానికి వంటింట్లోకి వెళ్ళాడు. తడి ఆకులతో తిరిగి గడప దాటుతుండగా పెట్టెలోంచి ఈలలు లేచాయి. సన్నగా, తీయగా, ఒకదాని వెంట ఒకటి. పిస్తా, కిష్మిష్ ముందుకాళ్ళు అంచుమీద ఆనించి మెడలు చాచాయి.

యదుల్లా ఏమీ విననట్టే నడిచి వస్తున్నాడు.

గోల్నార్ తండ్రి చెయ్యి పట్టుకుంది. "నాన్నా, అవి మిమ్మల్ని పిలుస్తున్నాయి."

"పిలుస్తాయా?"

"రోజూ పిలుస్తాయి" అంది గుమ్మం దగ్గర నిలబడిన మోనీర్, తలముసుగు అంచుతో కళ్ళు ఒత్తుకుంటూ. "మీకు వినబడే నవ్వుతున్నారనుకున్నాను."

యదుల్లా పెట్టె వైపు, తర్వాత కూతురి వైపు చూశాడు. "ఎలా ఉంటుంది ఆ పిలుపు?"

గోల్నార్ అతని చెవి దగ్గర నోరు పెట్టి, పెదవులు సున్నాలా చుట్టి సన్నగా ఈల వేసింది. అతనికి శబ్దమేదీ అందలేదు. కూతురి ఊపిరి మాత్రం వెచ్చగా చెవికి తగిలింది.

"మళ్ళీ" అన్నాడు.

గడియారంలో రెండు దాటింది. బస్సు సంగతి ఎవరూ ఎత్తలేదు.