ముందుకు వంగని బండి

పెనం మీద పియాదా రొట్టె మాడుతున్నా ఇయోలే చూపు కూతురి చేతి మీదే ఉంది. మీర్కా ఈ పూట ఎడమచేత్తో కాఫీ కప్పు ఎత్తుతోంది. మధ్యాహ్నం రేసు ట్రాక్ మీద తండ్రి చేసిన మోటారుసైకిల్ బండిని నడపాల్సింది ఆమే.

"ఆ కుడిచెయ్యి ఇలా చూపించు," అంది ఇయోలే.

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే చూపించడానికేం?"

మణికట్టు వాచి నల్లబడి ఉంది.

"మొన్న ముందు చక్రం జారి పడ్డా," అంది మీర్కా.

"బ్రేకు ఆలస్యంగా వేసి ఉంటావు," అన్నాడు తండ్రి లోరిస్, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

ఇంటి కింద షెడ్డులో సగం జీవితం ధారపోసి చేసిన బండి అది. ప్రపంచంలో దానికి జోడీ లేదు. ముందు చక్రానికి అటూ ఇటూ మామూలు బండికుండే గొట్టాలుండవు. వెనకలాగే ముందు కూడా ఒక లోహపు చెయ్యి పట్టుకుంటుంది, మలుపు తిరిగే అమరికంతా చక్రం నడిమధ్యలోనే ఉంటుంది. ఎంత గట్టిగా బ్రేకు నొక్కినా ముక్కు కిందికి దిగదు. రిమినీ ఊరి మెకానిక్కులు పని మానుకుని మరీ చూడ్డానికి వస్తారు.

"ఆలస్యం కాదు నాన్నా. మామూలు బండి ముందుకు వంగుతుంది, టైరు మీద ఎంత బరువు పడిందో చేతులకి తెలుస్తుంది. నీది సోఫాలా కదలకుండా కూర్చుని, ఉన్నట్టుండి జారిపోతుంది."

"వంగకపోవడమే దాని గొప్ప. నీకు చేతకాకపోతే ఇంకొకణ్ణి ఎక్కిస్తా."

"ఎక్కించు. వాడు పడ్డాక వాడి తల్లికి కూడా నువ్వే వెళ్ళి చెప్పు," అంటూ ఇయోలే మంట ఆపేసింది. "అసలు ఆ వంగడం తీసెయ్యమని నిన్నెవరడిగారు?"

లోరిస్ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"చిన్నప్పుడు మీర్కా బండి మీద నా వెనక కూర్చునేది," అన్నాడు. "బ్రేకు వేసినప్పుడల్లా భయంతో నా పొట్ట గట్టిగా పట్టుకునేది. దీనికి భయం తెలియని బండి చెయ్యాలనుకున్నా."

మీర్కా కప్పు కింద పెట్టింది.

"భయమెక్కడిది నాన్నా? బండి వంగగానే నువ్వు ఆపుతున్నావని తెలిసేది. అందుకని పట్టుకునేదాన్ని."

లోరిస్ లేచి కిందికి వెళ్ళిపోయాడు. అలిగాడనుకుని ఇయోలే కూతుర్ని తీసుకుని వెనకే దిగింది. అతను బండి ముందు మోకాళ్ళ మీద కూర్చుని బండిని వంగకుండా ఆపే పైకడ్డీ బోల్టులు విప్పుతున్నాడు. ఇన్నేళ్ళలో ఆ కడ్డీని ఎవరినీ తాకనివ్వలేదు. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

"ఇవాళ ట్రాక్‌కి వెళ్ళట్లేదు," అన్నాడు. "ఈ కడ్డీని ఎంత దించి బిగిస్తే బండి అంత వంగుతుంది. ఎంత వంగాలో నాకు తెలీదే. నువ్వే చెప్పు."

మీర్కా పక్కన కూర్చుని, ఎడమచేత్తో ఆ కడ్డీని పట్టుకుంది.

"ఇంకొంచెం దించు నాన్నా."

ఇయోలే మెట్ల మీదే కూలబడి తనివితీరా ఏడ్చింది.