‘మనం’ అన్నందుకు

"ఇప్పుడు మనం ఊళ్ళో వీధులన్నిట్నీ ఒక గ్రాఫ్‌లాగా తీసుకుంటాం," అంది భవ్య, గోడకున్న తెర వైపు చూస్తూ. "ఒక్కో వీధి ఒక్కో నోడ్. ఏ వీధికి ముందు నీళ్ళు వదలాలో తేల్చడానికి మనం ఇక్కడ ఒక క్యూ పెట్టుకున్నాం..."

తెర మీద ఎర్రదీపం వెలిగింది.

"ఆగండి," అంది వైవా పరీక్ష తీసుకుంటున్న యంత్రం. "ఈ ప్రాజెక్టుకు ఇద్దరు కర్తలున్నారు. రెండో వ్యక్తి ఎవరు?"

"ఎవరూ లేరండీ! నేనొక్కదాన్నే రాశాను," అంది భవ్య.

"ఇంతవరకూ ‘మనం’ అన్నారు. ఇప్పుడు ‘నేనొక్కదాన్నే’ అంటున్నారు. రెండింటిలో ఒకటి అబద్ధం."

"అయ్యో, అది మాటవరసకి అన్నానండీ!"

సరిగ్గా అప్పుడే టీ గ్లాసు పట్టుకుని ఆమె భర్త వంశీధర్ గదిలోకొచ్చాడు. పెళ్ళిళ్ళకి షామియానాలూ లైట్లూ కట్టించడం ఆయన వ్యాపారం. నోరు తెరిస్తే ఊరంతా ఆయనకి బంధువులే.

"ఏంటీ, అయిపోయిందా మన ప్రాజెక్టు?" అన్నాడు.

"‘మన’ అన్నారు," అంది యంత్రం. "మీరు ఈ ప్రాజెక్టులో పాల్గొన్నారా?"

భవ్య వద్దు వద్దని చేతులు ఊపింది. ఆయన చూస్తేగా! ఎవరో పెద్దాఫీసరు పలకరించారనుకుని పొంగిపోయాడు. "ఆయ్! పాల్గోకపోవడమేంటండీ? నిద్రాహారాలు మానేసి కష్టపడ్డామండీ. ఆ డిగ్రీ ఏదో మనకొచ్చేస్తే చాలండి!"

ఆయన అబద్ధమాడలేదు. ఆవిడ ప్రోగ్రాం రాస్తున్నన్నాళ్ళూ వంట ఆయనే వండాడు, గిన్నెలు ఆయనే తోమాడు, టీలు ఆయనే కాచాడు. గొంతులో రవ్వంత వణుకు లేదు. పచ్చదీపం వెలిగింది.

"నిజం. వంశీధర్ గారూ, సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో డిగ్రీ సంపాదించినందుకు అభినందనలు. భవ్య గారూ, తోటి కర్తను దాచిపెట్టినందుకు మీ ఫలితం ఆపేస్తున్నాం."

వంశీధర్ భవ్యకని తెచ్చిన టీ తనే గటగటా తాగేశాడు.

ఇదెక్కడి చోద్యం అంటారా? చెబుతాను వినండి. ఆ రోజులకి కాలేజీకి వెళ్ళి కంప్యూటర్ సైన్స్ చదవడమన్నది పూర్తిగా పోయింది. కొత్త కోరంగి నగరంలో ఉన్న ఒక్క ఇంజనీరింగ్ కాలేజీ ఏసీ కల్యాణమండపమై కూర్చుంది. సెమినార్ హాల్లో తలంబ్రాలు, మెకానికల్ ల్యాబులో పులిహోర. డిగ్రీలన్నీ ఆన్‌లైనే. ఇంట్లో కూర్చుని, కూరలు తరుక్కుంటూ ఎవరైనా చదువుకోవచ్చు. అంతవరకూ బాగానే ఉంది. కానీ అడిగిందే తడవుగా ప్రోగ్రాం రాసిపెట్టే యంత్రాలు ఇంటింటా ఉన్నాయాయె! ఎవరు స్వయంగా రాశారో, ఎవరు రాయించుకున్నారో దేవుడికే తెలియాలి.

అప్పుడు డాక్టర్ చిగురుపాటి రఘునందన్ గారు ‘కర్త’ అనే ఈ యంత్రాన్ని తయారుచేశారు. దాని సూత్రం వింటే ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. తెలుగులో క్రియ చివర చూస్తే పని ఎవరు చేశారో తెలిసిపోతుంది. తాను రాసినవాడు "ఇక్కడ లూప్ పెట్టాను" అంటాడు. రాయించుకున్నవాడు ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకున్నా ఎక్కడో నోరుజారి "ఇక్కడ లూప్ పెట్టారు" అంటాడు. ఆ ‘ను’కీ ఈ ‘రు’కీ మధ్య దొంగ దొరికిపోతాడు. పైగా గొంతులో వణుకును బట్టి నిజమో అబద్ధమో కూడా అది తేల్చేస్తుంది. మొదటి ఏడాదే సగానికి సగం మంది ఫెయిలయ్యారు. ఆన్‌లైన్ విశ్వవిద్యాలయం వారు మురిసిపోయి మిగతా పరీక్షలన్నీ ఎత్తేశారు. కర్త ముందు వైవా ఒక్కటే మిగిలింది. ప్రోగ్రాంకి నువ్వు కర్తవని తేలితే చదువు పూర్తయినట్టే.

భవ్యకి ఆ డిగ్రీ గోడకి తగిలించుకోవడానికి కాదు. కొత్త కోరంగిలో కుళాయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. బిందెలు పెట్టుకుని జనం పనులు మానుకుని కూర్చునేవారు. ఆవిడ రాసిన ప్రోగ్రాం ఏ వీధికి ఎప్పుడు నీళ్ళొస్తాయో ముందే చెబుతుంది. నీళ్ళ బోర్డు వారికి అది తెగ నచ్చింది. దాన్ని నడపడానికి ఒక ఇంజనీరు ఉద్యోగం కూడా పెట్టారు. తన ప్రోగ్రాంని తన చేత్తో నడపాలని ఆవిడ కోరిక. డిగ్రీ లేనిదే గేటు కూడా దాటనివ్వరు.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ రఘునందన్ గారి ల్యాబుకి పరుగెత్తారు. ఆయన వైవా రికార్డు అంతా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"యంత్రం తప్పేమీ లేదమ్మా. ‘మేము’ అంటే వినేవాడు అందులో లేడు. ‘మనం’ అంటే చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ కలిసి. మీ మాట వింటున్నది యంత్రం. తను రాయలేదని దానికి తెలుసు. అంటే ఇంట్లో వింటున్న ఇంకో మనిషెవరో ఉండాలి. వెతికింది. మీ ఆయన దొరికారు."

"చిన్నప్పట్నుంచీ నేను విన్న పాఠాలన్నీ అలాగే ఉంటాయి కదండీ!" అంది భవ్య ఉక్రోషంగా. "‘ఇప్పుడు మనం ఎక్స్ అనుకుందాం’ అంటారు లెక్కల మేష్టారు. ఎక్స్ అనుకున్నది ఆయనొక్కరే. క్లాసంతా నిద్రపోతుంటే కూడా ‘మనం’ అనే అంటారు. ప్రోగ్రాం వివరించాలంటే నాకు ఇంకోలా నోరు తిరగదండీ."

"అర్థమైందమ్మా. కానీ యంత్రాన్ని ఇప్పుడు మార్చామనుకోండి, ఇంతవరకూ అది ఇచ్చిన డిగ్రీలన్నీ అనుమానంలో పడతాయి. కాబట్టి ఈ విషయంలో మనం ఏమీ చెయ్యలేం."

"చూశారా, మీరూ అన్నారు!"

రఘునందన్ గారు గతుక్కుమన్నారు. గదిలో యంత్రం ఆపేసి ఉందో లేదో ఒకసారి తిరిగి చూసుకున్నారు.

"ఒక్కటే దారి," అన్నారు చివరికి గొంతు తగ్గించి. "మళ్ళీ వైవాకి కూర్చోండి. ‘నేను’ అనండి. ‘నేను’ తప్ప ఇంకేమీ అనకండి."

"నా డిగ్రీ వాపసు ఇచ్చేస్తానండీ, దణ్ణం పెడతాను," అన్నాడు వంశీధర్.

"వాపసు తీసుకునే ఏర్పాటు లేదండీ."

ఇంటికొచ్చి భవ్య అభ్యాసం మొదలుపెట్టింది. అదేమన్నా మామూలు కష్టమా! రెండుసార్లు వరసగా ‘నేను’ అంటే "ఏంటే ఆ నీలుగుడు?" అని కసిరే ఇంట్లో పెరిగిన పిల్ల. మొదట్లో ప్రతి ‘నేను’కీ సిగ్గుతో చచ్చిపోయింది. నాలుకకి అలవాటు కావాలని ఇంట్లో కూడా ‘మనం’ మానేసింది. మన ఇల్లు పోయి నా ఇల్లు వచ్చింది. మన కుళాయి నా కుళాయి అయింది.

"నా పెళ్ళి నవంబరులో అయింది," అంది ఒకరోజు కూరలు తరుగుతూ.

"మరి నేను రాలేదా దానికి?" అన్నాడు వంశీధర్. నవ్వుతూనే అన్నాడు గానీ మనసు చివుక్కుమంది.

రెండో వైవాలో ఆవిడ చెలరేగిపోయింది. నేను రాశాను, నేను కట్టాను, నేను సరిచేశాను. ఆద్యంతం పచ్చదీపమే. డిగ్రీ చేతికొచ్చింది. వంశీధర్ వీధి వీధంతా స్వీట్లు పంచి, "మనం పాసయ్యామండీ!" అని చెప్పుకున్నాడు. భవ్య కళ్ళు తుడుచుకుంటూ, "నేను పాసయ్యాను," అని సరిదిద్దింది.

నీళ్ళ బోర్డు నుంచి ఇంటర్వ్యూకి పిలుపు ఇద్దరికీ వచ్చింది. ప్రోగ్రాంకి రికార్డులో ఇద్దరు కర్తలున్నారు మరి! తోడుగా ఉంటాను పద అని వంశీధర్ కూడా బయల్దేరాడు. అక్కడికెళ్ళి తలుపు తీసేసరికి ఎదురుగా గోడ మీద ‘కర్త’ ఉంది. రఘునందన్ గారే ఉద్యోగాల కోసం దాన్ని కొంచెం మార్చి బోర్డుకిచ్చారట. డిగ్రీకి ఒంటరిగా రాసినవాళ్ళు కావాలి. ఉద్యోగానికి పదిమందితో కలిసి పనిచేసేవాళ్ళు కావాలి. మాట అదే, యంత్రం అదే, దీపాలు మాత్రం తిరగబడ్డాయి.

"నీళ్ళు రాక జనం గొడవ చేస్తే ఏం చేస్తారు?" అని అడిగింది యంత్రం.

"నేను క్యూ సరిచూస్తాను. నేను తప్పు కనిపెట్టి..." భవ్య ఎర్రదీపం చూసి గబుక్కున ‘మనం’ అనబోయింది. నాలుక తిరగలేదు. ఇన్నాళ్ళూ ఆ మాటని చంపుకున్నది తనే కదా! బలవంతంగా "మ... మనం" అని నెట్టుకొచ్చేసరికి గొంతు వణికింది.

"అబద్ధం," అంది యంత్రం. "ఈ అభ్యర్థి ఎవరితోనూ కలవదు."

తర్వాత వంశీధర్ వంతు. ఎలాగైనా తప్పించుకుందామని ఆయన ఉన్నమాట చెప్పేశాడు. "నాకేం తెలుసండీ? జనం అంటే ఎవరండీ, మనవాళ్ళే కదా! వెళ్ళి మనం మాట్లాడుకుంటే సరిపోద్ది. మిగతాది మా ఆవిడ చూసుకుంటదండీ."

పచ్చదీపం ఒకటి కాదు, ఉన్నవన్నీ వెలిగాయి.

దారిలో వంశీధర్ ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు. "నేను చేరనని చెప్పేస్తాను భవ్యా."

ఆవిడ తన డిగ్రీ కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. "మీరు చేరకపోతే నా ప్రోగ్రాం ఎవరో ముక్కూమొహం తెలియనివాడి పాలవుతుంది. చేరండి," అంది.

చేరాడు. పగలు ఆఫీసులో ఆయన కుర్చీ. ఇంట్లో ఆవిడ కంప్యూటర్. అక్కడ ఏ ఇబ్బందొచ్చినా ఆయన వరండాలోకెళ్ళి ఫోన్ చేస్తాడు, ఆవిడ క్షణాల్లో సరిచేస్తుంది. కొత్త కోరంగిలో కుళాయిలు చెప్పిన వేళకి వస్తున్నాయి. బిందెల గొడవలు ఆగిపోయాయి.

ఊరు ఊరంతా సంబరపడి వంశీధర్‌కి సన్మానం పెట్టింది, ఆ పాత ఇంజనీరింగ్ కాలేజీ మండపంలోనే. భవ్యని ముందు వరసలో కూర్చోబెట్టారు. బోర్డు ఛైర్మన్ గారు శాలువా కప్పి మైకు అందుకున్నారు.

"ఈ రోజుల్లో ఇటువంటి మనిషిని చూడగలమా అండీ? ఇంత గొప్ప ప్రోగ్రాం! కానీ మా ఆఫీసులో ఎవర్నైనా అడగండి. ఇన్నాళ్ళలో ఒక్కసారంటే ఒక్కసారి కూడా వంశీధర్ గారు ‘నేను చేశాను’ అనలేదు!"

హాలంతా చప్పట్లు. శాలువా కింద వంశీధర్ తల వాలిపోయింది. ఎంత వినయమో చూడండని జనం ఇంకా గట్టిగా కొట్టారు.