ఏ వంక నీళ్లు

వాన మొదలైతే బూదికోట పొలాల్లో అందరూ ఇళ్లకు పరిగెడతారు. సహన మాత్రం వాన నీళ్లు పారే వంకలోకి పరిగెడుతుంది. బంగారుపేట బియ్యం అంగడి వాళ్ల అమ్మాయి. వరద ఏ గుట్ట నుంచి పుడుతుందో కనిపెట్టడం ఆమె చదువు. పట్టుపురుగులు పెంచే పునీత్ ఈ వానాకాలమంతా గొడుగు పట్టుకుని ఆమె వెనకే తిరిగాడు.

"వాన పైనుంచి పడతాది మేడం. దీంట్లో కనిపెట్టేదేముండాది?"

"ఈ రెండు వంకల్లో ఎక్కువ నీళ్లు మీ తోట పక్క వంకవా, దొడ్డయ్య గుట్ట పక్క వంకవా అని. ఎక్కువ పారిన పక్కనే చెక్ డ్యామ్ కట్టేది."

పునీత్ తన తోట వైపు చూశాడు. వాళ్ల బోరు ఎండిపోయింది, మల్బరీ వాడిపోతోంది. ఆ డ్యామ్ అతనికి కావాలి.

మరుసటి వారం సహన నవ్వుతూ వచ్చింది. "మీ వంకే పునీత్. రెండు వంకలు కలిసినాక నీళ్లు చూసినాను. సున్నం బాగా ఉండాది. సున్నపు నేల మీ పక్కనే కదా."

పునీత్ తండ్రి ఓబలప్ప అందరికీ బెల్లం పంచాడు. పునీత్‌కి మాత్రం అది మింగుడు పడలేదు. పురుగులకు రోగం రాకుండా సున్నం చల్లిన తట్టలన్నీ ఆమె నీళ్లు పట్టిన రోజు వరదలోనే కడిగాడు, వంకలు కలిసిన చోటికి దిగువన, ఆమె కంటే కాస్త ఎగువన. బోరు ఎండినవాడు పారే నీళ్లను వదులుకుంటాడా?

నోరు మూసుకుంటే డ్యామ్ వాళ్లదే. కానీ ఆమె ముఖం చూస్తూ అబద్ధం మోయడం అతని వల్ల కాలేదు. చెప్పేశాడు.

"ఒక్క వాన కోసం ఎన్ని దినాలు కాచుకున్నానో తెలుసా?" అని సహన విసురుగా వెళ్లిపోయింది.

మళ్లీ వాన వచ్చింది. తట్టలు ఇంట్లోనే ఉన్నాయి. సహన నీళ్లు పట్టి, మీటరు ముంచి చూసింది. ఈసారి సున్నం అంతంత మాత్రమే.

"దొడ్డయ్య గుట్టే," అంది మెల్లగా. "చెప్పకుండా ఉంటే డ్యామ్ మీకే వచ్చుండేది."

"నీళ్లు ఆ పక్కకు పోతే పోనీ. మీరు ఈ పక్కకు రండి."

"యాడికి?"

"మా ఇంటికి. ఉండిపోనీకి."

సహన చెంపల మీద నీళ్లు తుడుచుకుంది. వాన అప్పటికే వెలిసింది.

"ఆదివారం మధ్యాహ్నం అంగడి మూస్తాం," అంది. "అప్పుడు రండి. మా నాయన తీరిగ్గా ఉంటాడు."