ఎదురు నిలిచినవాడు

ఐదో బంతికి లింబాద్రి కుడిచెయ్యి భుజం మీదికి లేచి అక్కడే ఆగిపోయింది. పరుగు మాత్రం ఆగలేదు కనుక రెండడుగులు ముందుకు తూలాడు. మోకాలు నేలను తాకకముందే కాళ్లు వాటంతటవే సర్దుకున్నాయి. బంతి వేళ్ల సందులోంచి జారి, నెట్ పక్కన గడ్డిలో పడింది. చెవి వెనక నుంచి మేనికాపు మెత్తని గొంతుతో, ఈ పూటకు ఈ వేగం చాలునని, భుజానికి విశ్రాంతి కావాలని చెప్పింది.

నొప్పి లేదు. ఎప్పుడూ ఉండదు. అతడికి మంట పుట్టించేది అదే. లోపల ఏదో బెణికిందని తెలిస్తే ఊరుకునేవాడేమో. ఏమీ తెలియకుండా, తన చెయ్యి ఎవరిదో అయినట్టు గాలిలో నిలబడిపోతే చూసేవాళ్లు నవ్వుకుంటున్నారనిపించేది. అతడు బంతిని కాలితో తన్ని, పక్కకు వెళ్లి కూర్చున్నాడు.

మేనికాపు వచ్చి రెండు తరాలు దాటింది. పురుడు వెళ్లిన రోజున పసిబిడ్డ ఒంటికి నూనెలా రాసే పలుచని పొర అది. చర్మంలో కలిసిపోయి బిడ్డతోపాటే పెరుగుతుంది. కండరం తెగబోయే ముందు పట్టి ఆపుతుంది. మీదికి వచ్చే దెబ్బనుంచి ఒంటిని పక్కకు లాగుతుంది. లోపల పుట్టిన బాధను నరంలోనే మొద్దుబార్చి ఆసుపత్రికి కబురు పంపుతుంది. లింబాద్రి వాళ్ల ఆర్మూరు వీధుల్లో పిల్లలు గోడల మీద పరుగెత్తేవారు, ఏ తల్లీ అరిచేది కాదు. మందుల షాపుల్లో తలనొప్పి బిళ్లలు కనబడక ఎంతో కాలమైంది. నొప్పి అనే మాట మర్యాదల్లో మాత్రం మిగిలింది. మీ మనసు నొప్పించి ఉంటే మన్నించండి అని జనం ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నారు.

లింబాద్రికి ఇరవయ్యొకటో ఏడు. కిందటి ఏడాది సీజన్ చివర్లో, ఇందూరు జట్టులో ఒకరు పెళ్లికి సెలవు పెడితే ఆ ఖాళీలోకి వచ్చాడు. ఆడింది మూడే ఆటలు. ఆ మూడింటిలోనే అతడి బంతి వేగం చూసి, ఇంత ఫాస్ట్ బౌలర్ దక్షిణాదిలో ఇటీవల పుట్టలేదని పత్రికలు రాశాయి. ఈ ఏడు మొదటిసారి పూర్తి సీజన్ ఆడబోతున్నాడు. ఎన్ని వికెట్లు తీస్తాడని టీ కొట్టు దగ్గర పందేలు, ఇంటర్వ్యూలు, ఊరంతా ఫ్లెక్సీలు. వాళ్లెవరికీ తెలియని సంగతి ఒకటుంది. కిందటేడు అతడి భుజం పడ్డ శ్రమనంతా మేనికాపు గుర్తుపెట్టుకుంది. ఈ ఏడు ఓవర్ కూడా పూర్తి కానివ్వడం లేదు.

కోచ్ అనసూయ మేడం నలభై దాటిన మనిషి. ఆమె ముందే చెప్పింది. పొట్టి రనప్ తీసుకొమ్మంది, స్వింగ్ నేర్చుకొమ్మంది. ఆ రోజు కూడా పక్కన కూర్చుని అదే మాట ఎత్తింది.

"జర పేస్ తగ్గించుకో లింబాద్రీ. మంచిగ పదిహేనేండ్లు ఆడుతవ్."

"ఆగుకుంట ఆగుకుంట పదిహేనేండ్లు ఆడుడు నాకొద్దు మేడం. ఒక్క సీజన్ మొత్తం నా చేత్తోని ఆడాలె."

వయసొచ్చినవాళ్లు కోరితే ఆసుపత్రిలో మేనికాపును కరిగించి తీసేస్తారు. చట్టం ఒప్పుకుంటుంది, లీగ్ నిబంధనలూ అడ్డు చెప్పవు. ఎవరూ కోరరు కనుక అడ్డు చెప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆ మాట ఎత్తగానే అక్క గంగామణి బెండకాయలు కోస్తున్న చెయ్యి ఆపింది. తల్లి పోయాక అతడిని పెంచింది ఆమే. పసుపు మిల్లులో పని. ఐదేళ్ల కిందట పసుపుకొమ్ములు పాలిష్ చేసే డ్రమ్ములో ఆమె చున్నీ చిక్కింది. మేనికాపు ఆమె ఒంటిని వెనక్కి విసిరి కాపాడింది. ఆమె ఇప్పుడు కత్తిని తన వేలి మీదికి గట్టిగా దించింది. చెయ్యి దానంతటదే ఆగి, కత్తి చర్మానికి వెంట్రుకవాసి పైన నిలిచిపోయింది.

"సూడు," అంది. "నేను నీకు మిగిలింది దీనితోనే. నువ్వు దీన్నే వద్దంటున్నవ్."

"నీ చెయ్యిని అది కాపాడింది అక్కా. నా చెయ్యిని గుంజుకుంటున్నది."

ఆమె మళ్లీ బెండకాయలు కోయసాగింది. మర్నాడు ఆసుపత్రికి అతడు ఒక్కడే వెళ్లాడు.

కాపు పోయాక అన్నీ కొత్తగా ఉన్నాయి. స్నానానికి పోసుకున్న నీళ్లు ఉలిక్కిపడేట్టు చేశాయి. చొక్కా మెడ పట్టీ గీరుకుంది. మొదటి రోజు నెట్స్‌లో ఓవర్ తర్వాత ఓవర్ వేశాడు, చెయ్యి ఎక్కడా ఆగలేదు. వేగం చూపే పలక మీద అంకె చూసి అనసూయ మేడం కుర్చీలోంచి లేచింది. రాత్రి పడుకున్నాక మాత్రం భుజంలో ఏదో మొదలైంది. వేడిగా, లోపలినుంచి ఎవరో వేలితో తవ్వుతున్నట్టు. పొద్దున లేచేసరికి అది మరో తీరుగా ఉంది, ఊపిరి తీసుకుంటే పొడిచినట్టు, కదలకుండా ఉంటే తగ్గినట్టు. దాని పేరేమిటో తెలియదు. అడుగుదామంటే తెలిసినవాళ్లు లేరు. మేడంతో అంటే ఆడనివ్వదు, అక్కతో అంటే ముందే చెప్పాను గదా అంటుంది. ఎవరితోనూ అనలేదు.

సీజన్ మొదలైంది. మొదటి ఆటలో అతడు వేసిన మొదటి బంతికే లెగ్ స్టంప్ ఎగిరిపోయింది. జనం లేచి అరిచారు. రెండో బ్యాట్స్‌మన్‌కూ అంతే. మూడోవాడి దగ్గర లింబాద్రికి సంగతి అర్థమైంది. బంతి చేతిలోంచి వెలువడగానే ఆ కుర్రాడు బ్యాటెత్తాడు, కాని అతడి కాళ్లు అతడిని పక్కకు లాక్కుపోయాయి. బంతి ఎవరూ లేని క్రీజులోంచి వెళ్లి వికెట్లను పడగొట్టింది.

ఇన్నాళ్లూ ఏ బౌలర్ మేనికాపూ ఇంత వేగాన్ని సాగనివ్వలేదు. అందుకే బ్యాట్స్‌మెన్ కాపులకు అడ్డుపడే పని పడలేదు. ఇప్పుడు మేనికాపు లేనివాడు వేసే బంతిని అవి ప్రాణాపాయం కింద లెక్కగట్టి, మనిషిని పక్కకు తప్పిస్తున్నాయి. ఔటైనవాళ్లకు సిగ్గు కూడా లేదు. నేను జరగలేదు, అది జరిపింది అన్నట్టు భుజాలెగరేసి నవ్వుతూ వెళ్లిపోయేవారు.

వికెట్లు గుట్టలుగా పడ్డాయి. సీజన్ సగానికి రాకముందే పాత రికార్డులు చెరిగిపోయాయి. ఊళ్లో సన్మానం చేశారు. దండ భుజం మీద పడ్డప్పుడు అతడు పళ్లు బిగించాడు. స్టేడియంలో కేకలు మాత్రం తగ్గుతూ వచ్చాయి, ఏం జరుగుతుందో ముందే తెలిసిన ఆటను ఎవరు చూస్తారు? వేగం తగ్గించి వేస్తే అందరూ ఆడుతున్నారు. పెంచితే ఎదురుగా ఎవరూ ఉండరు. దీనికి మా ఇంటి వెనక గోడ సాలు గదా అని అతడు మేడం మీద విరుచుకుపడ్డాడు. బ్యాట్స్‌మెన్ కూడా కాపు తీసి ఆడవచ్చని లీగ్‌వాళ్లు అన్నారు. ఏ ఒక్కరూ ముందుకు రాలేదు.

చివరికి అతడే రూబెన్‌కు ఫోన్ చేశాడు. రూబెన్ గుంటూరు జట్టు ఓపెనర్. జూనియర్ శిబిరంలో ఇద్దరిదీ ఒకే గది. రోజూ లింబాద్రి బౌలింగ్‌ను మొదట ఆడింది అతడే. కుశల ప్రశ్నలయ్యాక, కాపు తీయించుకుని తన బంతికి ఎదురు నిలబడతావా అని లింబాద్రి సూటిగా అడిగేశాడు.

"తీసేస్తే ఏమవుద్దిరా?" అన్నాడు రూబెన్.

కుడిభుజానికి వేడినీళ్ల సంచీ అదిమిపెట్టుకుని లింబాద్రి జవాబిచ్చాడు.

"ఏం కాదు. హాయిగుంటది."

ఆ ఆదివారం ఇందూరు మైదానం నిండిపోయింది. మేనికాపు లేని ఇద్దరు ఎదురుపడుతున్నారని వార్త ముందే పాకింది. మొదటి బంతి రూబెన్ భుజాన్ని రాసుకుంటున్నంత దగ్గరగా పోయింది. అతడు కదల్లేదు. కళ్లు పెద్దవయ్యాయి, అంతే. స్టేడియమంతా లేచి నిలబడింది. రెండో బంతిని రూబెన్ ముందుకొచ్చి కొట్టాడు, అది మిడాఫ్ పక్కనుంచి బౌండరీ దాటింది. లింబాద్రి నవ్వాడు. సీజన్ మొదలయ్యాక అతడు మైదానంలో నవ్వడం అదే మొదలు. తనను కొట్టగలవాడొకడు ఎదురుగా ఉన్నాడు. భుజంలో తవ్వుతున్నదాన్ని మరిచిపోయి, ఉన్న బలమంతా పెట్టి మూడో బంతి వేశాడు.

బంతి పిచ్ మీద పడి లేచి రూబెన్ పక్కటెముకలకు తగిలింది.

ఆ చప్పుడు గ్యాలరీ దాకా వినిపించింది. రూబెన్ మోకాళ్ల మీద కూలి, తర్వాత పక్కకు ఒరిగాడు. అతడి నోట్లోంచి వస్తున్న ధ్వనిని అక్కడున్నవాళ్లలో చాలామంది ఎన్నడూ వినలేదు. ఫీల్డర్లు ఎక్కడివాళ్లు అక్కడే నిలబడ్డారు. లేస్తాడనుకుని ఒకరిద్దరు నవ్వారు కూడా. అంపైర్ దగ్గరికి వచ్చి, చెయ్యి చాచి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక వెనక్కి తీసుకున్నాడు. పై వరసలో ముసలివాళ్లెవరో లేచి చేతులూపుతూ అరుస్తున్నారు. వాళ్లు చెప్పేది కిందికి వినబడలేదు.

అనసూయ మేడం ఆసుపత్రితో మాట్లాడే తెర పలక పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. అందులో ఒక యువ డాక్టర్ కనిపించి, చూసి చదువుతున్నట్టుగా ప్రశ్నలు మొదలుపెట్టాడు. పోటుగా ఉందా, సలుపుగా ఉందా, తీపులా, మంటలా? రూబెన్ బిత్తరచూపులు చూశాడు. ఆ మాటల్లో ఏది ఏదో అతడికి తెలియదు. "ఏదో ఉంది," అన్నాడు. "లోపల ఏదో ఉంది."

లింబాద్రి అతడి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఊపిరి తీసుకుంటె పొడుస్తున్నదా?"

రూబెన్ తలూపాడు.

"కదలకపోతె కొంచెం నయమనిపిస్తదా?"

మళ్లీ తలూపాడు. లింబాద్రి ఆ మాటలే డాక్టర్‌కు చెప్పాడు. ఎముక విరిగి ఉంటుందని, కదిలించకుండా తీసుకురమ్మని డాక్టర్ అన్నాడు. అనసూయ మేడం పలక దించి లింబాద్రి ముఖంలోకి చూసింది. ఇవన్నీ నీకెట్ల తెలుసని ఆమె అడగలేదు. ఆమె చూపు మెల్లగా అతడి కుడిభుజం మీదికి పోయింది.

స్ట్రెచర్ లేదు. అన్ని మైదానాల్లోనూ ఉంచడం మానేశారు. వానొస్తే పిచ్ మీద కప్పే పట్టాను మడతపెట్టి తెచ్చి, దాని మీదికి రూబెన్‌ను చేర్చారు. నలుగురు నాలుగు మూలలు పట్టుకున్నారు. లింబాద్రి కుడిచేత్తో ఎత్తబోయి, ఎత్తలేక, ఎడమచేతికి మార్చుకున్నాడు. ఓవర్‌లో ఇంకా మూడు బంతులున్నాయని అంపైర్ మెల్లగా గుర్తుచేశాడు. వేరేవాళ్లతో వేయించండి అన్నాడు లింబాద్రి.

బౌండరీ దగ్గర రూబెన్ కళ్లు తెరిచాడు.

"ఇది పోద్దా?"

అటుపక్క పట్టా మోస్తున్న కుర్రాళ్లు తలలు తిప్పుకున్నారు.

"పోతది," అన్నాడు లింబాద్రి.

"ఎప్పుడు?"

లింబాద్రి నాలుగడుగులు నడిచాడు.

"నాకు తెల్వదురా. నాది ఇంకా పోలేదు."

రూబెన్ అతడి వైపు తల తిప్పాడు. ఊపిరి తీసుకోవడానికి భయపడుతూ, కొంచెం కొంచెంగా తీసుకుంటూ అడిగాడు.

"మరి ఫోన్లో చెప్పలేదేంట్రా?"

వెనక మైదానంలో ఎవరో ఓవర్ అందుకున్నారు. పలుచగా చప్పట్లు వినిపించాయి. లింబాద్రి తల వంచుకుని, పట్టా కుదపకుండా నడిచాడు.